ఎంగిలి లేని నాడె

ధర్మవరంలో ఆడవాళ్లు పరిగెత్తేది బస్సు కదిలిపోతున్నప్పుడో, వీధి కుళాయికి నీళ్లొచ్చినప్పుడో. వెనక ఎవరూ తరమకుండా, ముందు ఏదీ పారిపోకుండా, తెల్లారీ తెల్లారకముందే కాళ్లకు షూ తగిలించుకుని ఉరికే ఆడమనిషి మాత్రం ఆ నేతగాళ్ల వీధి మొత్తానికి కమలాక్షి ఒక్కతే. యాభై దాటిన మనిషి. ఈ వయసులో ఈ ఎగురుడేమిటని వీధి వీధంతా బుగ్గలు నొక్కుకుంది. ఆ నొక్కుళ్లన్నీ ఆమె మొగుడు వెంకటేశులు చెవిన పడ్డాయి. మనిషి మంచివాడే గానీ, నలుగురూ ఏమనుకుంటారోనన్న బెంగ పాళ్లు కొంచెం ఎక్కువ.

వెంకటేశులుది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించుకుని, అడుగునున్న చెక్కలు తొక్కుతూ నేయాలి. పట్టుచీరకు ఒళ్లు ఒక రంగు, అంచు ఇంకో రంగు రావాలంటే ఒక మనిషి చేతులు చాలవు. అందుకని మధ్యలో ఆయన, ఆయన కుడిపక్కన కమలాక్షి. ఒంటి నాడె ఆయనది, అంచు నాడె ఆమెది. నాడె అంటే కడుపులో దారం కండె పెట్టుకుని, పడుగు పోగుల నడుమ ఈ కొస నుంచి ఆ కొసకు ఉరికే కొయ్యముక్క. పెళ్లయిన నాటి నుంచి ఇద్దరూ అట్లా భుజానికి భుజం తగిలేంత దగ్గరగా కూర్చుని, ఎంతమంది పెళ్లికూతుళ్లకు చీరలు నేశారో వాళ్లకే గుర్తులేదు.

ఒకసారి కమలాక్షికి ఒంట్లో నలతగా ఉండి చూపించుకుంటే, షుగర్ వచ్చే దారిలో ఉందన్నాడు డాక్టరు. పొద్దున్నే నడవమన్నాడు. పక్క సందులో ఉండే ముంతాజ్, చీరల కొంగులకు కుచ్చులు కట్టే అమ్మాయి, తనూ తోడు వస్తానంది. ఇద్దరూ కలిసి కాలేజీ గ్రౌండు చుట్టూ నడవడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు ఆ నడక కాస్తా పరుగైంది. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు దినేష్ ఊరుకున్నాడా? అమ్మకు షూ కొనిచ్చి అగ్గికి ఆజ్యం పోశాడు.

"డాక్టరు నడవమన్నాడు గానీ ఉరకమన్నాడామ్మే?" అన్నాడు వెంకటేశులు ఒకరోజు ఉండబట్టలేక.

కమలాక్షి షూ దారాలు కట్టుకుంటూ తలెత్తకుండానే జవాబిచ్చింది. "నడస్తాంటే మగ్గం తొక్కినట్లే ఉంటాదబ్బా. ఎంతసేపు తొక్కినా ఆడనే గదా ఉంటాం. ఉరికితే గుంటలోంచి బయటికొచ్చినట్లుంటాది."

ఆ మాట ఆయనకు సగమే అర్థమైంది, కానీ రోజంతా వదల్లేదు. మర్నాడు ఆమె వెళ్లిన కాసేపటికి సైకిలు తీసుకుని వెనకాలే పోయాడు. గ్రౌండు గోడ పక్కన వేపచెట్టు చాటున దొంగలా నిలబడ్డాడు. మంచు కురుస్తోంది, ఎదురుగా ఏమీ కనిపించడం లేదు. ముందు అడుగుల చప్పుడు వినిపించింది. తర్వాత తలకు గుడ్డ కట్టుకున్న ముంతాజ్ వచ్చింది. ఆ వెనకే కమలాక్షి. ఆమె రొప్పడం లేదు, తూలడం లేదు. నడుము నిటారుగా, చూపు ముందుకు, నేలను బతిమాలి తొక్కుతున్నంత తేలికగా అడుగు మీద అడుగు వేసుకుంటూ ఆయన ముందునుంచే వెళ్లిపోయింది. మళ్లీ మంచులోంచి వచ్చింది. మళ్లీ వెళ్లిపోయింది. ఇన్నేళ్లూ తన కాళ్ల పక్కనే గుంట చీకట్లో మెదిలిన కాళ్లు అవి. అవి ఏం చేయగలవో ఏనాడూ ఆయనకు తోచలేదు. ఎవరీమె అనుకున్నాడు. ఇంటికొచ్చి మగ్గమెక్కి, ఆమె వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు నేస్తూ కూర్చున్నాడు.

అయితే ఆ పరుగుకు ఒక శని దాపురించింది. అది ఏటా చలితో పాటే వచ్చేది.

పెనుకొండ కుర్రాళ్లు ఏటా పుష్యమాసంలో కొండ పరుగు పెడతారు. కోట వాకిలి దగ్గర మొదలుపెట్టి, మెలికలు తిరిగే రోడ్డు వెంబడి కొండ మీద నరసింహస్వామి గుడిదాకా పరిగెత్తాలి. కమలాక్షి కళ్లు ఆ కొండ మీద పడ్డాయి. మొదటేడు పేరు ఇచ్చింది, వారం ముందు జలుబు పట్టుకుని పోలేకపోయింది. రెండో ఏడు మళ్లీ జలుబు. ఈసారి ముక్కు కారుతున్నా, ఒళ్లు కాలుతున్నా పంతం పట్టి పరుగుకు పోయి సగంలోనే ఆగిపోయింది. ఇంకేముంది, ముక్కులోది రొమ్ములోకి దిగింది. ఉగాది దాకా దగ్గుతూనే ఉంది. మూడో ఏడు ఇంకా ఘోరం. ముందురోజు దాకా గుండ్రాయిలా ఉన్న మనిషి, తెల్లారితే పరుగనగా సాయంత్రం చలిజ్వరంతో ముసుగుతన్నింది. బట్టకు గుచ్చుకోవాల్సిన నెంబరు కాగితం పక్కన పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. ఏడ్చిందో లేదో వెంకటేశులుకు తెలియదు. అడగడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

జలుబు ఎందుకు చేసిందని వీధిలో ఎవరూ ఆలోచించలేదు. అంత ఆలోచించాల్సిన పనేముంది? మంచులో పరిగెత్తితే జలుబు చేయదా! వీధంతా ఒకే తీర్పు. ఆ తీర్పును హిందూపురం నుంచి వచ్చి మరీ ఖాయం చేసింది వెంకటేశులు అక్క లక్ష్మీదేవమ్మ. ఆమెను హిందూపురంలో ఇచ్చారు. తమ్ముడి కాపురం మీద మాత్రం ఆమె చూపు ఎప్పుడూ ధర్మవరంలోనే ఉంటుంది.

"ఈ సలికి మొగోళ్లే ముసుగు తీయరు. నువ్వు మంచులో పడి ఉరుకుతాండావు," అంది కార్తీకమాసంలో వచ్చినప్పుడు. "నీ ఎదురొమ్మేమన్నా ఇనుముతో చేసినారా కమలా? సుమ్మనే ఇంట్లో ఉండలేవా?"

"ఈసారి జాగ్రత్తగా ఉంటా వదినా."

"యేటా అదే మాట. ఇదో, తెగేసి చెప్తాండా. ఈ సలికాలం గానీ మళ్ల పడకేసినావంటే, ఆ షూ తీసి అటక మీద పారేయాల. ఇంగ జన్మలో ఉరకకూడదు. ఒప్పుకుంటావా?"

కమలాక్షి మొగుడి వైపు చూసింది. ఆయన చెప్పే ఒక్క మాట కోసం చూసింది. వెంకటేశులుకు గ్రౌండులో చూసిన దృశ్యం గుర్తొచ్చింది, ఉగాది దాకా విన్న దగ్గూ గుర్తొచ్చింది. దగ్గే గెలిచింది.

"అక్క చెప్పేదాంట్లో తప్పేముండాదిమే," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"సరే వదినా," అంది కమలాక్షి. "ఈసారి పడకేస్తే మానుకుంటా."

కమలాక్షి మాట ఇస్తే ఇచ్చినట్టే. ఆ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే లక్ష్మీదేవమ్మ నిశ్చింతగా హిందూపురం బస్సెక్కింది.

ఆ రోజు నుంచి కమలాక్షి తన ఒంటిని పట్టుపోగును చూసుకున్నట్టు చూసుకుంది. పరుగు కాగానే చెమట గుడ్డలతో అట్లాగే మగ్గం గుంటలోకి దిగే అలవాటు ఉండేది. పని చెడుతుందని తొందర. గుంటలో నేల చెమ్మ, ఒంటి మీద తడి. అది మానేసింది. గ్రౌండులోనే పొడిబట్టలు కప్పుకుని, ఇంటికొచ్చి వేణ్ణీళ్లు పోసుకుని గానీ మగ్గం వైపు చూడదు. మరీ చలి కోసేస్తున్న రోజున ఎండ తగిలేదాకా ఆగి పోయేది. దాహం లేకపోయినా గోరువెచ్చని నీళ్లు తాగేది, మిరియాల చారు లేకుండా ముద్ద ముట్టేది కాదు. పొద్దుగూకగానే పక్క పరిచేది. ముంతాజ్ వెంటపోయి ఫ్లూ రాకుండా వేసే సూది కూడా వేయించుకుంది. బజారు నుంచి రాగానే సబ్బుతో చేతులు కడిగేది. ఆమె కడిగి కడిగి సబ్బుబిళ్లను అరగదీస్తోందని వెంకటేశులు ఎగతాళి చేశాడు. ఆయనకేం, ఎన్నైనా చేస్తాడు.

"ఒళ్లు నొప్పులున్నా, రొమ్ము పట్టినా, జరమున్నా ఉరకనే కూడదక్కా," అని ముంతాజ్ గట్టిగా చెప్పింది. "ఉత్త ముక్కు కారితే మెల్లగా నడుద్దాం. పోయినసారి మాదిరి పంతాలు పెట్టుకోవద్దు."

ఇక లక్ష్మీదేవమ్మ రోజూ సాయంత్రం ఫోను. "ఏం కమలా, గొంతు మారినట్లుండాదే? యాదీ, ఒకసారి ముక్కు ఎగబీల్చు, విందాం!" ఫోనులోనే ముక్కు పరీక్ష. కమలాక్షి నవ్వు ఆపుకుని గట్టిగా గాలి పీల్చి వినిపించేది. అటువైపు నుంచి కాస్త నిరాశగా, "ఊ, బాగానే ఉండాదిలే," అని వినిపించేది.

మార్గశిరం అట్లా గడిచిపోయింది. కమలాక్షి ఒక్క తుమ్ము తుమ్మలేదు. పెనుకొండ పరుగు దగ్గరపడింది. అప్పుడు వెంకటేశులు గోరంట్లలో దూరపు బంధువుల పెళ్లికి పోయాడు. ఇరుకు మంటపంలో సగంమంది తుమ్ముతూ, సగంమంది దగ్గుతూ అక్షింతలు వేశారు. ఆయన పప్పూ, పాయసం సుష్టుగా తిని, ఆ దగ్గుల మధ్యే పొద్దుపోయేదాకా కబుర్లాడి ఇంటికొచ్చాడు. రెండు రోజులకు ముక్కు దిబ్బడేసింది.

"జలుబు చేసిందా?" కమలాక్షి గాభరాగా అడిగింది.

"నాకు జలుబేందిమే! పట్టు దుమ్ము."

ఏటా అదే మాట. ఆయనకు ఎప్పుడొచ్చినా ఆ నాలుగు తుమ్ములే, ఓ పూటో రెండు పూటలో గొంతు గరగరే. మంచమెక్కేది లేదు, కషాయం తాగేది లేదు. అందుకే ఆయన జలుబును ఆ ఇంట్లో ఎవరూ పైకి జలుబు కింద జమకట్టలేదు. ఆయనైతే అసలే కట్టలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. వెంకటేశులు ఇంట్లో ఎంగిలి పట్టింపు జాస్తి. ఒకరు తాగిన లోటా ఇంకొకరు కడగకుండా ముట్టరు. నీళ్లయినా కాఫీ అయినా పెదవికి ఆనకుండా ఎత్తి పోసుకోవాల్సిందే. మొగుడూ పెళ్లాలైనా సరే, ఒకరి కంచంలో ఇంకొకరు చెయ్యి పెట్టరు. ఇంత పట్టింపు ఉన్న ఇంట్లో ఒక్కదానికి మాత్రం ఎంగిలి లేదు. అది నాడె. నాడె పక్కన సన్నటి బెజ్జం ఉంటుంది. కొత్త కండె పెట్టినప్పుడల్లా ఆ బెజ్జానికి నోరానించి ఒక్క పీల్పు పీలిస్తే లోపలి దారం కొస నాలిక మీదికి వచ్చి వాలుతుంది. ఎవరి చెయ్యి ఖాళీగా ఉంటే వాళ్లు పీల్చి ఇస్తారు. కొస మళ్లీ లోపలికి జారితే రెండోవాళ్లు పీల్చుకుంటారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎన్నిసార్లో! వెంకటేశులు నాయన కూడా అట్లాగే నేశాడు. నాడె దేవుడి సొత్తనీ, దానికి ఎంగిలి అంటదనీ ఆయన నమ్మకం. మగ్గంతో పాటు ఆ నమ్మకమూ కొడుక్కి వచ్చింది.

ఆ పొద్దున ఇద్దరూ మగ్గం మీద ఉన్నారు. అంచు నాడెలో దారం అయిపోయింది. కమలాక్షి చేతులు జరీ పోగు సరిచేయడంలో ఉండటంతో వెంకటేశులే కండె మార్చాడు. బెజ్జానికి నోరానించి పీల్చాడు. దారం వచ్చింది. దాంతోపాటే తుమ్మూ వచ్చింది. పక్కకు తిరిగి బలంగా తుమ్మి, ముక్కు తుడుచుకుని, నాడె ఆమెకు అందించాడు. ఈలోగా దారం కొస లోపలికి జారిపోయింది. కమలాక్షి అలవాటుగా నాడెను నోటి దగ్గరికి తీసుకుంది.

కిటికీలోంచి పడుతున్న ఎండ సరిగ్గా ఆ బెజ్జం మీద పడింది. అక్కడ ఆయన పెదవి తడి మెరిసింది.

వెంకటేశులు ఆ తడి వైపు చూశాడు. ఏమీ ఆలోచించకుండానే చూశాడు. చూస్తుండగానే పోయినేడు కళ్ల ముందుకొచ్చింది. కదిరి పెళ్లి నుంచి వచ్చి తను తుమ్మాడు, పట్టు దుమ్మన్నాడు, ఆ వెనకే ఆమె పడకేసింది. అంతకుముందేడు? అప్పుడూ ముందు తుమ్మింది తనే. మొదటేడు? అప్పుడూ అంతే. మంచు కాదు. పరుగూ కాదు. ఏటా ఆమెకు జలుబు పట్టుకొచ్చి, నాడెలో పెట్టి, చేతికందించింది తనే.

ఆ క్షణంలోనే ఇంకో ఆలోచన కూడా, పాములా, బుర్రలోకి దూరింది. ఇప్పుడు చెయ్యి కదపకుండా ఉంటే చాలు. నాలుగు రోజులకు ఆమె పడకేస్తుంది. షూ అటకెక్కుతుంది. ఎవరూ ఎవరినీ తప్పుపట్టరు. ఈ మనిషి మళ్లీ తన పక్కన, ఈ గుంటలో, ఎప్పటిలాగే ఉండిపోతుంది.

కమలాక్షి పెదవి బెజ్జానికి ఆనబోతోంది.

వెంకటేశులు చెయ్యి విసిరి నాడెను కొట్టాడు. అది ఎగిరి గోడకు తగిలి గుంటలో పడింది. దారం పుటుక్కున తెగింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఆమె మీద చెయ్యెత్తింది లేదు. నాడెను నేలకు కొట్టింది అసలే లేదు.

"ఎంగిలి!" అన్నాడు వెంకటేశులు. "అది నా ఎంగిలిమే. ముట్టొద్దు."

నేతగాడి నోట నాడె ఎంగిలన్న మాట! కమలాక్షి ఆయన ముఖంలోకి చూసింది. ఆమె కళ్లలో ఏదో మెదిలింది గానీ, అదేమిటో ఆయనకు ఆ పూట అంతుబట్టలేదు.

"నాది జలుబే," అన్నాడు ఆయన. "పట్టు దుమ్మూ లేదు, గిమ్మూ లేదు. నువ్వు లేసి ఆవలికి పో. నాకు నయమయ్యేదాకా ఈ గదిలోకి రావద్దు."

"అంచు ఎవరు వేస్తారు? పెళ్లిచీర గదా ఇది!"

"నేనే వేసుకుంటా. పో."

ఆమె లేచి వెళ్లింది. ఆయన గుంటలోకి దిగి నాడె తీసి, రెండు నాడెలనూ సబ్బునీళ్లతో కడిగి ఎండలో పెట్టాడు. ఆ సంగతి వీధిలో ఎవరైనా చూస్తారేమోనని కూడా ఆయనకు తోచలేదు. పడక మగ్గం గదిలోకి మార్చుకున్నాడు. తన కంచం, తన లోటా వేరు చేసుకున్నాడు. అన్నం గడప దగ్గర పెట్టి పొమ్మన్నాడు. చలిగాలికి పట్టు పెళుసెక్కి తెగుతుందని ఎప్పుడూ మూసి ఉంచే కిటికీలు బార్లా తెరిచాడు. పోగులు నిజంగానే తెగాయి. ఓపిగ్గా అతుక్కున్నాడు, అదీ నాలుకకు వేలు తగిలించకుండా, పక్కన పెట్టుకున్న నీళ్లగిన్నెలో తడుపుకుని.

నాడె సంగతే తేలలేదు. నోరు పెట్టకూడదంటే దారం కొస బయటికెట్లా వస్తుంది? పొద్దున ముంతాజ్ కమలాక్షి కోసం వచ్చినప్పుడు ఆయన గడప అవతల నుంచే గోడు వెళ్లబోసుకున్నాడు. ముంతాజ్ ఇంటికిపోయి కుచ్చులల్లే సూది తెచ్చింది. కొస వంకీ తిరిగిన సన్నటి ఇనుప సూది.

"ఇది దూర్చి లాగి చూడన్నా."

దూర్చి లాగాడు. దారం కొస వంకీకి తగులుకుని సులువుగా బయటికొచ్చింది. వెంకటేశులు నోరెళ్లబెట్టాడు. ఆ సూది ఎప్పటినుంచో పక్క సందులో ఉంది. తన నోరేమో ఇన్నేళ్లుగా నాడె మీద ఉంది.

ఒక్కడే కూర్చుని నేశాడు. ఒంటి నాడె తోసి, అంచు దగ్గరికి వంగి అంచు నాడె తోసి, మళ్లీ వెనక్కి. నడుము విరిగేంత పని. బెత్తెడు నేసేసరికి పొద్దు నడినెత్తికొచ్చేది. తన పక్కన చప్పుడు లేకుండా ఆమె ఎంత చేసేదో ఇప్పుడు తెలిసింది. ఇంత చేస్తూ కూడా ఆ కాళ్లలో కొండెక్కే సత్తువ ఎట్లా మిగిలిందో మాత్రం ఆయనకు బోధపడలేదు.

అయినా గండం గడవలేదు. పరుగు ఇక కొద్ది రోజులనగా కమలాక్షి గొంతు గరగరమంది. పొద్దున లేచి, షూ దగ్గరిదాకా పోయి, ఆగి, తిరిగొచ్చి పడుకుంది. గోడ అవతల నుంచి వెంకటేశులు అంతా విన్నాడు. నాడెను కొట్టింది ఒకరోజు ఆలస్యమైందేమో! ముందురోజు పీల్చిన నాడెల మాటేమిటి? ఆ రోజంతా మగ్గం చప్పుడు వినపడలేదు. ఆయన నేత మీద చేతులు పెట్టుకుని, ఆవలి గదిలోంచి దగ్గు వస్తుందేమోనని చెవులు రిక్కించి కూర్చున్నాడు. ఆమె ఉప్పునీళ్లు పుక్కిలించింది, వేడిచారు తాగింది, దుప్పటి కప్పుకుని నిద్రపోయింది. సాయంత్రం ఫోను మోగితే ఆయనే తీశాడు.

"కమల యాడ? ఫోనియ్యి, ముక్కు చూడాల."

"నిద్రపోతాందక్కా."

"ఈ వేళప్పుడు నిద్రా? పడకేసిందన్నమాట! నేను చెప్పలా?"

"పడకేయలా," అన్నాడు వెంకటేశులు. అక్కకు ఎదురు చెప్పడం ఆయనకు అదే మొదలు. "పడకేసినా ఆ పాపం మంచుది గాదక్కా, నాది. ఆ షూ మాత్రం అటకెక్కదు. ఇంగ పెట్టేస్తాండా."

రెండో రోజుకు గొంతు తేలికైంది. మూడో రోజు కమలాక్షి గ్రౌండుకు పోయి మెల్లగా నడిచి వచ్చింది. గడప అవతల నిలబడి, "బాగుండాదబ్బా," అంది. ఆ మాటకు వెంకటేశులు కళ్లు చెమర్చాయి. పట్టు దుమ్మని చెప్పుకోవడానికి ఈసారి మనసొప్పలేదు.

పరుగు రోజు తెల్లవారకముందే పెనుకొండ చేరారు. దినేష్ కారు అడిగి తెచ్చాడు. వెంకటేశులుకు దగ్గు ఇంకా పూర్తిగా పోలేదు. మూతికి తువ్వాలు కట్టుకుని, వెనకసీట్లో ఓ మూలకు నక్కి, అద్దం దించుకుని గజగజ వణుకుతూ వచ్చాడు. కమలాక్షినీ ముంతాజ్‌నీ కోట వాకిలి దగ్గర దింపాక, పరుగు మొదలుకాకముందే వాళ్లు కారులో కొండ మీదికి పోయారు.

కొండ మీద చలి ఎముకల్లోకి దిగుతోంది. కింద ఊరు లేదు, చెరువు లేదు, రోడ్డు లేదు. అంతా మంచు, తెల్లగా, కదలకుండా పరుచుకుని ఉంది. ఆ మంచును చీల్చుకుని కోటగోడ బురుజొకటి తల బయటపెట్టింది. వెంకటేశులు మనుషులకు దూరంగా, రోడ్డు చివరి మలుపులో ఒక బండమీద నిలబడ్డాడు. తన నాయన, తాత, వాళ్ల తాతలు ఈ కొండ కిందనుంచే మూటలు మోసుకుని సంతలకు పోయారు. ఆ ఇంటి ఆడవాళ్లెవరూ ఈ కొండను పరిగెత్తి ఎక్కాలనుకోలేదు. ఎక్కొచ్చని వాళ్లకు చెప్పినవాళ్లూ లేరు.

ముందు కుర్రాళ్లొచ్చారు, జింకపిల్లల్లా. తర్వాత నడివయసు మగవాళ్లు, కొందరు పరిగెత్తుతూ, కొందరు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నడుస్తూ. ముంతాజ్ వచ్చింది. వెళుతూ వెళుతూ కిందకు చూపించి ఏదో అంది, ఊపిరిలో మాట కలిసిపోయింది. ఆ తర్వాత చాలాసేపు ఎవరూ రాలేదు. దారిలో రొమ్ము పట్టేసిందేమో. ఎక్కడ కూలబడిందో.

అడుగుల చప్పుడు వినిపించింది. ఒకే తీరున, తొందరపడకుండా, ఆగకుండా. ఆ చప్పుడు ఆయన గుర్తుపట్టాడు. మగ్గం చెక్కల మీద ఇన్నేళ్లూ తన కాళ్లతో పాటు నడిచిన లయ అది. మంచు పలచబడి, అందులోంచి కమలాక్షి పైకి వచ్చింది. ముఖం కందిపోయి ఉంది, జుట్టుకు నీటిబొట్లు పట్టి ఉన్నాయి, నోట్లోంచి ఆవిరి కక్కుతోంది. అప్పుడే కొండ వెనక పొద్దు పొడిచి ఆ ఆవిరిని బంగారు జరీ చేసింది. ఆమె ఆయనను చూసింది గానీ ఆగలేదు. వెంకటేశులు బండమీద నిలబడి, తనకు తెలియకుండానే రెండు చేతులూ జోడించాడు. భార్యకు దండం పెట్టిన మొగుణ్ణి చూసి దూరాన నిలబడ్డవాళ్లు నవ్వారు. నలుగురూ ఏమనుకుంటారోనన్న బెంగ ఆయనకు ఆ పూట గుర్తే లేదు.

గుడి మెట్ల దగ్గర ఆమె తడిసిన గుడ్డ మీద పొడిశాలువా కప్పుకుని కూర్చుంది. ఆయన నాలుగడుగుల దూరంలోనే ఆగి, మూత తీయని నీళ్లసీసా మెట్టు మీద పెట్టి వెనక్కి జరిగాడు.

"మూడేండ్లు నేనే నిన్ను ఆపేసినానుమే," అన్నాడు తువ్వాలు వెనక నుంచి. "నాకు తెలీలా."

కమలాక్షి నీళ్లు ఎత్తి పోసుకుని, మూతి తుడుచుకుంది. "నాకు పోయినేడే అనుమానమొచ్చింది."

"ఏందీ?"

"నువ్వు తుమ్మడమూ, నేను పడకేయడమూ. యేటా అదే వరసగదా."

వెంకటేశులు ఓ అడుగు ముందుకేసి, దగ్గు గుర్తొచ్చి మళ్లీ వెనక్కి జరిగాడు. "మరి చెప్పలేదేమే? షూ అటకెక్కుతాదని తెలిసీ అక్కకు మాటిచ్చినావే!"

ఆమె సీసా మూత బిగిస్తూ నెమ్మదిగా అంది. "మగ్గం కాడ కూసోని నీ నోటిని ఎంగిలని ఎట్లనేది? మీ నాయన ఇచ్చిన నాడె అది. నువ్వు నొచ్చుకుంటావని ఊరుకుంటి. పరుగంటావా, పోతే పోనీలే అనుకుంటి."

ఇంతసేపూ వెంకటేశులు విస్తుపోయింది ఆ కాళ్లను చూసి. ఆ కొండంత పరుగును, తనను నొప్పించే ఒక్క మాట మింగడం కోసం వదులుకోబోయిందీ మనిషి. ఆమె పక్కనే ఇన్నేళ్లు కూర్చున్నాడు, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా. ఆయన తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు.

కమలాక్షి లేచి నిలబడి కాళ్లు విదిలించింది. కింద మంచు విడుతోంది. రోడ్డు మెలికలు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి.

"దిగేది కూడా ఉరుకుతాపోనా?" అని అడిగింది, చిన్నపిల్ల అడిగినట్టు.

"పో," అన్నాడు వెంకటేశులు. "శాలువా కప్పుకోనే పో. నేను బండిలో వస్తా. కింద బండెక్కినాక నా పక్కన మాత్రం కూసోవద్దు, ఇంగా దగ్గుండాది."